మే నెలలో మంచు కోసం బాపట్ల దాకా

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు కాశీ గురించి రాస్తారు. రష్యా వెళ్ళొచ్చినవాళ్ళు రష్యా గురించి రాస్తారు, అక్కడి రైళ్ళు ఎంత శుభ్రంగా ఉంటాయో కూడా రాస్తారు. నేను తెనాలి నుంచి రేపల్లె మీదుగా బాపట్ల వెళ్ళొచ్చాను. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, తరవాత తీరిక ఉండదు. ఆ దారిన రోజూ వేలమంది వెళుతుంటారు, కాదనను. కానీ మంచుకొండలు చూద్దామని వెళ్ళినదాన్ని మాత్రం నేనొక్కదాన్నే. తోడుగా మా అత్తగారు వచ్చారు. ఆవిడకి మంచూ అక్కర్లేదు, కొండలూ అక్కర్లేదు. సూర్యలంకలో సముద్రస్నానం చేయిస్తానంటేనే వచ్చారు.

తెనాలిలో మొదలైన గొడవ

నేను ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. పందొమ్మిది వందల డెబ్బై దాటిన కొత్తల్లో ఒకనాడు పాత పుస్తకాల బండి మీద అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. వెయ్యేళ్ళ కిందటి చీనా కవుల కవితలు, అన్నీ మంచుకొండల మీదే. ఆ కవుల పేర్లు నేను పలికితే వాళ్ళ ఆత్మలు క్షోభిస్తాయి కాబట్టి పలకను. పుస్తకం మాత్రం నన్ను పట్టుకుంది. బియ్యం కడుగుతూ ఒక పాదం, పరీక్ష పేపర్లు దిద్దుతూ ఒక పాదం తెలుగు చేస్తూ పోయాను. కుంపటి ముందు చెమటలు కక్కుతూ, గడ్డకట్టిన నది మీద నడిచేదాన్ని. ఆ రోజుల్లో మా ఇంట్లో అన్నం మాడని పూట లేదు.

చిక్కేంటంటే, నేను జన్మలో మంచు చూడలేదు. ఆ మాటకొస్తే కొండ కూడా సరిగ్గా చూడలేదు, రైల్లోంచి మంగళగిరి కొండ కనబడితే దణ్ణం పెట్టుకోవడమే. మా వైపు ఎత్తయినది ఏదీ అంటే కాలవ గట్టు, దాని తరవాత గడ్డివాము.

ఒక పెళ్ళిలో బాపట్ల పానకాలరావు గారు తగిలారు. అక్కడి కాలేజీలో లెక్చరరు, ఒక సాహిత్య సంఘానికి కార్యదర్శి. మావారు ఊరుకోకుండా నా మంచు కవితల సంగతి చెప్పారు. పానకాలరావు గారు లడ్డూ చిదుపుకుంటూ, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుంది అన్నారు. పంక్తి పంక్తంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఏ సభలో చదవమంటే ఆ సభలో చదువుతాను, వినేవాళ్ళకి చలి వెయ్యకపోతే అడగండి అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను, కానీ ఆయన వదల్లేదు. వాళ్ళ సభ మే నెలలోనట, రేకుల షెడ్డులోనట. ఆ సభలో ఒక్కరికి, ఒకే ఒక్కరికి చలి వేసినా కవితలన్నీ పుస్తకంగా వాళ్ళ సంఘమే అచ్చు వేయిస్తుందట. చలి వేసినట్టు రుజువేంటని మావారు అడిగారు, కోర్టు గుమాస్తా కదా. కొంగో కండువానో కప్పుకోవాలి, నా కళ్ళారా నేను చూడాలి అన్నారు పానకాలరావు గారు. పందెం ఖాయమైపోయింది. పుస్తకం మీద నా పేరు చూసుకోవాలన్న ఆశ నాకెంత ఉందో ఆ క్షణం దాకా నాకే తెలీదు.

ఇక నాకు కావలసింది మంచు చూసిన మనిషి. మా వీధిలో గాలించాను. చివరికి మిషను కుట్టే సుశీల, మా బాబాయి హవల్దారుగా చేశాడు, చీనా యుద్ధం అప్పుడు మంచుకొండల్లో ఉన్నాడు, ఇప్పుడు రేపల్లెలో ఉంటున్నాడు అని చెప్పింది. నాకు హిమాలయాలు రేపల్లెలో ఉన్నట్టే అనిపించింది.

రేపల్లె బండి

తెనాలి నుంచి రేపల్లె బండి ఎక్కితే అదొక పేరంటం. తెలియనివాళ్ళు కూడా వేమూరు చేరేసరికి పిన్నీ, బాబాయీ అయిపోతారు. మా అత్తగారి గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆవిడ పేరు సీతారావమ్మ. నాటకాల్లో పద్యానికి వన్స్‌మోర్ కొట్టడంలో ఆవిడని మించినవాళ్ళు మా పేటలో లేరు. ఒకసారి హరిశ్చంద్ర వేషగాడి చేత కాటిసీను పద్యం పాడించి పాడించి చంపితే, పాపం ఆ మనిషి, తల్లీ, కాటికాపరికైనా నిద్రుంటుంది అని స్టేజీ మీదనుంచే దణ్ణం పెట్టాడు.

బండి కదలగానే ఆవిడ రైలు పెట్టెలో అందరికీ చాటింపు వేశారు: మా కోడలు మంచు వెతుక్కుంటూ వెళుతోంది అని. అంతే, సలహాలు కురిశాయి. అరటి గెలల ఆవిడ మంచంటే ఉప్పుకొటారు లాగా ఉంటుందంది. కండువా పెద్దాయన కాదు, బూరుగు దూది అన్నాడు. వీళ్ళలో ఎవరూ పొన్నూరు దాటి పోలేదు. అయినా ఎవరూ ఒక మెట్టు దిగలేదు.

కవిత చదవమన్నారు. చదివాను. అందరూ మర్యాదగా విని, ఆపైన రాగం ఏదని అడిగారు. రాగం లేదండి అంటే నా వంక జాలిగా చూశారు. మూలనున్న హార్మనీ మాస్టారు ఒకాయన, దానికేముందండి మోహనలో పడుతుంది అని అందుకున్నాడు. ‘మంచు’ అన్న రెండక్షరాల మాటని భట్టిప్రోలులో ఎత్తుకుని పల్లికోన దాకా దించలేదు. చీనా కవి నిశ్శబ్దం మీద రాసుకున్న కవిత అది. మా అత్తగారు బెంచీ మీద చరిచి వన్స్‌మోర్ అన్నారు. ఆయన మళ్ళీ ఎత్తుకున్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి, నవ్వే గెలిచింది.

రేపల్లె, ఒక ఐసు దిమ్మ

రేపల్లెలో దిగి హోటల్లో ఇడ్లీ తిన్నాం. తెనాలి ఇడ్లీ కంటే చవక, చట్నీ మాత్రం కళ్ళలో నీళ్ళు తెప్పించింది. తెనాలిలో కొత్త మనిషి కనిపిస్తే ఏ నాటకం ఆడుతోందని అడుగుతాం. రేపల్లెలో ఎవరి తాలూకు అని అడుగుతారు. సర్వరు, పక్క బల్ల మీది ఆసామీ, రిక్షా అతను వరసగా అడిగారు. మూడోసారికి మా అత్తగారు తన పుట్టింటివాళ్ళ పొలాల సరిహద్దులతో సహా చెప్పేశారు.

ఒకరింటికి వట్టి చేతుల్తో వెళ్ళకూడదు. మామూలుగా అయితే అరటిపళ్ళు తీసుకెళతాం. కానీ మే నెల, ఎవరింట చూసినా మామిడిపళ్ళు మంచాల కింద మగ్గుతుంటాయి, అరటిపళ్ళకి గౌరవం లేదు. ఏం కొందామా అని చూస్తుంటే ఐసు ఫ్యాక్టరీ కనబడింది. చేపల గంపల కోసం, సోడా కొట్ల కోసం పెద్ద పెద్ద దిమ్మలు దింపుతున్నారు. నేను పరుగెత్తాను. మంచుకి చుట్టమన్నా అవుతుంది కదా అని ఒక దిమ్మ మీద చెంప ఆనించాను. పనివాళ్ళు పని ఆపి చూశారు. ఒకతను నీరసం వచ్చిందేమో అనుకుని గ్లాసుతో నీళ్ళు తెచ్చాడు.

అప్పుడు మా అత్తగారికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మంచుకొండల్లో బతికిన మనిషి ఈ ఎండల్లో ఎంత అల్లాడుతున్నాడో, ఐసు దిమ్మ పట్టుకెళితే ఆయన ప్రాణం లేచొస్తుంది అన్నారు. నాకూ అంతకంటే తగిన కానుక లేదనిపించింది. ఊకలో పొర్లించి, గోనె చుట్టి, మా ఇద్దరి కాళ్ళ మధ్యా పెట్టుకున్నాం. రిక్షా వెళ్ళిన దారంతా నీళ్ళ గీత పడింది. పాదాలు మొద్దుబారాయి, చీర కుచ్చెళ్ళు తడిసి ముద్దయ్యాయి, రెండు కుక్కలు వెనకాలే వచ్చాయి. నవ్వి నవ్వి నాకు పొట్ట నొప్పి పుట్టింది.

హవల్దారు వెంకటప్పయ్య గారు తాటాకులతో దడి కట్టుకుంటున్నారు. సన్నటి మనిషి, కొంచెం ఎడమ కాలు ఈడుస్తారు. ఆయన భార్య రత్తమ్మ గారు గుమ్మంలోంచి “ఏమండీ” అని పిలిచింది. ఆయన పలకలేదు. మళ్ళీ “ఏమండీ” అంది, అప్పుడు తిరిగారు. ఆవిడ మాతో, ఈయన మొదటి పిలుపుకి పలకరండి, అక్కణ్ణుంచి వచ్చిన దగ్గర్నుంచీ అంతే అంది. మా అత్తగారు, మా ఆయన నాలుగో పిలుపుకి కూడా పలికేవారు కాదు, మీరే నయం అన్నారు. అందరం నవ్వాం.

అదే నవ్వు మీద మా అత్తగారు గోనె విప్పారు. ఎండలో ఆ దిమ్మ తళతళా మెరిసింది. హవల్దారు గారు దాని వంక చూశారు. చేతిలో కత్తి కింద పెట్టారు. పెరటి దారిన పొలం వైపు వెళ్ళిపోయారు.

మా అత్తగారి చేతిలో గోనె అలాగే ఉండిపోయింది. రత్తమ్మ గారు కంగారు పడలేదు. గోనె మూసి, పక్కింటివాళ్ళని కేకేసి దిమ్మ వాళ్ళకి ఇచ్చేసి, తడిసిన చోట చీపురుతో నీళ్ళు ఊడ్చేసింది. ఆ తరవాత మాకు మజ్జిగ ఇస్తూ చెప్పింది. ఆ ఇంట్లోకి ఐసు రాదు. బయట సోడా తాగినా ఐసు వెయ్యనివ్వరు. ఆయన ఎడమ కాలికి రెండు వేళ్ళు లేవు. ఏమయ్యాయంటే చలికి పోయాయి అన్నారట, అంతే.

“ఆ చలికాలం ఆయన ఎక్కడున్నారో, ఎట్టా ఉన్నారో నాకు ఇప్పటికీ తెలవదమ్మా. అడిగీ అడిగీ మానుకున్నాను” అంది.

మా అత్తగారు అంతసేపు మాట్లాడకుండా ఉండడం నా పెళ్ళయ్యాక అదే మొదటిసారి. తరవాత నన్ను పక్కకి పిలిచి, అమ్మాయ్, నువ్వు ఆయన్ని ఏమీ అడక్కు అన్నారు. నేను అలాగేనన్నాను. కానీ అడక్కపోతే వచ్చిన పని ఏం కావాలి?

కంచం ముందు ఒక ప్రశ్న

హవల్దారు గారు పొద్దు వాలకముందే తిరిగొచ్చారు, ఏమీ జరగనట్టు మమ్మల్ని భోజనానికి కూర్చోమన్నారు. దోసకాయ పప్పు, గోంగూర, గడ్డపెరుగు, చివర్లో చిన్నరసాలు. తెనాలిలో మేం రసం పిండుకుని తింటాం, అక్కడ టెంక చేతపట్టుకుని మోచేతుల దాకా కార్చుకుంటూ తింటారు. రేపల్లె పద్ధతే సరైనదని మా అత్తగారు అప్పటికప్పుడు మతం మార్చుకున్నారు.

సుశీల నా సంగతి ముందే కబురు చేసిందిట. ఆయనే ఎత్తారు, మంచు మీద ఏదో రాస్తున్నావంట కదమ్మా అని. రాయడం కాదండి, చీనా కవితలు తెలుగు చేస్తున్నాను అన్నాను. చీనా అన్న మాట వినగానే రత్తమ్మ గారి గరిటె ఆగింది.

“ఎప్పటివాళ్ళు?” అన్నారాయన.

“వెయ్యేళ్ళ పైమాటేనండి.”

“అయితే అప్పటికి తగాదా లేదులే” అని పెరుగు కలుపుకున్నారు.

ధైర్యం వచ్చింది. అత్తగారికిచ్చిన మాట మామిడిపండు రసంతో పాటే జారిపోయింది, మంచు ఎలా ఉంటుందండీ అని అడిగేశాను. అత్తగారు బల్ల కింద అయితే కాలు తొక్కేవారు, నేల మీద పీటల మీద కూర్చున్నాం కాబట్టి మోచేత్తో పొడిచారు.

ఆయన పెరుగన్నం ఒక ముద్ద తిన్నారు. “తెల్లగా ఉంటుందమ్మా” అన్నారు.

అంతే. వెన్నెల్లాగానా, వెన్నలాగానా అని నేను అడగలేదు. రేకుల షెడ్డు, పానకాలరావు గారి నవ్వు కళ్ళ ముందు కదిలాయి. నా పుస్తకం ఆ పూటతో మునిగిపోయిందనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చెయ్యి కడుక్కునే వంకతో దొడ్లోకి వెళ్ళి కొంచెం ఏడ్చాను కూడా.

నేను తిరిగొచ్చేసరికి మా అత్తగారు వాళ్ళిద్దర్నీ బాపట్ల సభకీ, సూర్యలంక స్నానానికీ పిలిచేస్తున్నారు. ఆవిడ చేతిలో ఉంటే రేపల్లె మొత్తాన్ని పిలిచేవారు. దడి పని ఉందని హవల్దారు గారు వద్దన్నారు. రత్తమ్మ గారు కంచాలు తీస్తూ, ఎవరితోనో కానట్టు, “నేను సముద్రం చూళ్ళేదు” అంది. సముద్రం గాలి కొట్టే ఊళ్ళో ఉంటూ ఈవిడ సముద్రం చూడలేదు. ఆయన భార్య వంక ఒక నిమిషం చూసి, దడి ఎక్కడికి పోతుందిలే అన్నారు.

కర్లపాలెం ముందు ఆగిన బస్సు

మర్నాడు నలుగురం బస్సెక్కాం. చెరుకుపల్లి దాటింది, చందోలు దాటింది, కర్లపాలెం ఇంకా రాకముందే టైరు పేలింది. డ్రైవరు దిగి టైరుని తిట్టాడు, కండక్టరు డ్రైవర్ని తిట్టాడు, జనమంతా తాటిచెట్ల నీడలో చేరారు. ఒకాయన ముంజలు కొట్టి పెడుతున్నాడు. బొటనవేలు గుచ్చి పీల్చుకుంటే చల్లగా గొంతు దిగింది. మంచంటే ఇంతే అయ్యుంటుంది, రాసేసుకో అన్నారు మా అత్తగారు.

ముంజల కోసం చిల్లర తీయబోయి ఆవిడ సంచీ బోర్లించారు. సముద్రస్నానం బట్టల మధ్యలోంచి బొంత లాంటి ఉన్ని శాలువా, దాని వెనకాల మంకీ టోపీ బయటపడ్డాయి. మే నెల, మిట్టమధ్యాహ్నం. బస్సు జనమంతా చూస్తున్నారు. ఇదేంటండీ అన్నాను. ఆవిడ తడుముకోకుండా, సభలో నువ్వు చదువుతుంటే నేను కప్పుకుంటాను, పుస్తకం అచ్చవుతుంది, నీకెందుకు అన్నారు. ఇంట్లో రహస్యంగా అభ్యాసం కూడా చేశారట. చేసి చూపించారు, భుజాలు ఊపుతూ, పైట విదిలిస్తూ, పూనకం వచ్చినట్టు. కండక్టరు కింద కూర్చుండిపోయి నవ్వాడు. రత్తమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుంది.

హవల్దారు గారు కూడా నవ్వారు. నవ్వుతూ, “అట్టా కాదు అక్కగారూ. ఒళ్ళు ఊగదు. పళ్ళు ఆగవు” అన్నారు. తన దవడ కింద చెయ్యి పెట్టుకున్నారు, చూపించబోయినట్టు. అంతలో చెయ్యి దించేసి టైరు దగ్గరికి సాయానికి వెళ్ళిపోయారు. రత్తమ్మ గారు నవ్వడం మానేసి ఆయన వెళ్ళిన వైపే చూస్తూ ఉంది.

బాపట్ల రేకుల షెడ్డు

బాపట్ల చదువుల ఊరు. రిక్షా దిగకముందే ఏం చదివారని అడుగుతారు. బి.ఎ. అంటే, తరవాత ఏం చేద్దామనుకుంటున్నారు అంటారు. పెసరట్టులో అల్లం ధారాళంగా వేస్తారు, కాఫీలో చక్కెర పిసినారిగా వేస్తారు. తెనాలి కాఫీని తలుచుకుని నేను ఒక నిట్టూర్పు విడిచాను.

సాయంత్రం సభ. రేకులు పగలంతా తాగిన ఎండని మా నెత్తిన కక్కుతున్నాయి. వంద విసనకర్రలు ఆడుతున్నాయి. పానకాలరావు గారు తెలివైనవారు. మా అత్తగారి సంచీ చూడగానే అనుమానపడి, శాలువా బయటికి తీయించి తన బల్ల మీద పెట్టుకున్నారు. రక్తసంబంధీకులు, కాపురసంబంధీకులు కప్పుకుంటే చెల్లదని మైకులో ప్రకటించారు. సభ గొల్లుమంది. మా అత్తగారు ఆయన్ని చూసిన చూపుకి రేకులు కరగాల్సింది.

మొదలుపెట్టాను. మొదటి కవితకి దగ్గులొచ్చాయి. రెండోదానికి వెనకనుంచి రాగం పెట్టండమ్మా అన్నారు. ఎవరో మనకి చీనావాళ్ళు దేనికండీ అని లేచారు, ఇంకెవరో కూర్చోబెట్టారు. మూడోదానికి ముందు వరసలో అధ్యక్షులవారు కునుకు తీశారు. చెమట కారి కాగితం మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయి. పానకాలరావు గారు పాపం నవ్వడం లేదు, ఆయనకి నా మీద జాలి కలిగినట్టుంది. అది ఇంకా ఘోరం.

గొంతెండిపోయి మంచినీళ్ళ గ్లాసు అందుకుంటే ఖాళీ. మా అత్తగారు ఎప్పుడో తాగేశారు. ఇక చేసేదేముంది, ఒక్కో పాదం చదివి, గుటక వేసుకుని, ఆగి, మళ్ళీ చదివాను. ఆ కవిత ఇది:

*నిన్నటి దాకా కొండ మీద దారి ఉంది.*
*పొద్దున్నే చూస్తే దారి లేదు, కొండ ఉంది.*
*మధ్యాహ్నానికి కొండ లేదు, తెలుపు ఉంది.*
*ఆ తెలుపులో ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు.*
*నిలబడి చూశాను.*
*ఎవరూ లేరు. ఒక కొమ్మ*
*మోయలేని మంచుని కిందికి దించుకుంది.*

నేను ఆగిన చోటల్లా విసనకర్రల చప్పుడు వినబడింది. నాలుగో పాదం దగ్గర అది తగ్గింది. తలెత్తి చూస్తే హవల్దారు గారు కనబడ్డారు. నిటారుగా కూర్చున్నారు, కళ్ళు నా మీద లేవు. భుజం మీది తుండుగుడ్డ తీసి తల మీంచి చెవులకి చుట్టుకుంటున్నారు. గబగబా కాదు, నెమ్మదిగా, ఒక చుట్టు, ఇంకో చుట్టు, గడ్డం కింద ముడి. చెమట ముఖం మీద ధారగా కారుతోంది. ఆయనకి తెలిసి చేస్తున్నట్టు లేదు. చుట్టుపక్కలవాళ్ళు విసరడం మానేసి ఆయన్నే చూస్తున్నారు.

రత్తమ్మ గారు కూడా చూస్తోంది. ఆయన్ని చూసింది, నన్ను చూసింది. అంతమంది మగవాళ్ళ మధ్య లేచి నిలబడింది.

“ఇంకోసారి చదువమ్మా” అంది.

మా తెనాలిలో పుట్టి పెరిగి లక్ష వన్స్‌మోర్లు విన్నాను, ఇలాంటిది వినలేదు. మళ్ళీ చదివాను. ఈసారి ఆవిడ కోసమే చదివాను. మా అత్తగారు ముక్కు చీదుకోవడం తప్ప షెడ్డులో చప్పుడు లేదు. అయిపోయాక చప్పట్లు కూడా ఎవరూ కొట్టలేదు.

పానకాలరావు గారు లేచి వచ్చి, బల్ల మీది శాలువా మడిచి మా అత్తగారి చేతిలో పెట్టారు. నా వైపు తిరిగి, “రాతప్రతి రేపు ఇవ్వండమ్మా, అచ్చుకి పంపిస్తాం” అన్నారు. నవ్విన నాపచేనే పండింది. నేను అక్కడే గెంతేదాన్ని, సభామర్యాద అడ్డొచ్చింది. బస చేరాక గది తలుపు వేసుకుని గెంతాను, నాతో పాటు మా అత్తగారు కూడా గెంతారు. పుస్తకంలో తన ఫొటో వెయ్యాలని షరతు పెట్టారు, ఇప్పటికీ దాని మీదే ఉన్నారు.

సూర్యలంక

తెల్లారి జట్కా మాట్లాడుకుని సూర్యలంక వెళ్ళాం. ఇసకదారి, జీడిమామిడి తోటలు, ఆ తరవాత సరుగుడు చెట్ల హోరు. గుంటూరు నుంచి వచ్చిన కుర్రకారు అలల్లో అరుస్తున్నారు. పల్లెకారులు వలలు ఆరబెట్టుకుంటూ, వీళ్ళు రోజూ ఎందుకిలా ఉప్పునీళ్ళలో పొర్లుతారో అన్నట్టు చూస్తున్నారు. మా అత్తగారు పసుపూ కుంకుమా సముద్రంలో వేసి, సంకల్పం చెప్పుకుని, నా చెయ్యి పట్టుకుని మూడు మునకలు అనుకున్నారు. మొదటి అలకే ఇద్దరం బోర్లా పడ్డాం. రెండో అల ఆవిడ మంకీ టోపీని తీసుకుపోయింది. అది స్నానంలోకి ఎందుకు తెచ్చారో నేను అడగలేదు.

ఒడ్డుకి వచ్చి, తడిబట్టలతో ఇసకలో కూలబడి, నవ్వుతూ తల తుడుచుకుంటుంటే వాళ్ళిద్దరూ కనబడ్డారు. హవల్దారు గారూ రత్తమ్మ గారూ జనానికి దూరంగా నీళ్ళ అంచున నడుస్తున్నారు. రత్తమ్మ గారు సముద్రం వైపు చూడటం లేదు. ఆయన మాట్లాడుతున్నారు. ఈ రెండు రోజుల్లో ఆయన అంతసేపు మాట్లాడటం నేను చూడలేదు. ఆగారు. వంగి మోకాలి దగ్గర చెయ్యి అడ్డంగా పెట్టి చూపించారు. ఏదో చెప్పి ఆ చేతిని నడుము దాకా తెచ్చారు.

మంచు! నేను తెనాలి నుంచి వెతుక్కుంటూ వచ్చింది అక్కడ, ఆ ఇసకలో, పిలిస్తే వినబడేంత దూరంలో ఉంది. కుచ్చెళ్ళు ఎగదోపుకుని లేచాను. మా అత్తగారు నా చీర చెంగు పట్టుకుని లాగారు.

“కూర్చో. అది నీకు చెప్పటం లేదు” అన్నారు.

నా పుస్తకం కోసమండీ అన్నాను. ఆవిడ చెంగు వదల్లేదు. నా వంక కూడా చూడలేదు, వాళ్ళ వంకే చూస్తున్నారు. కూర్చున్నాను. కాళ్ళు మాత్రం కాసేపు వాటంతటవే లేవబోయాయి. గాలి అటు నుంచి ఇటే వీస్తోంది, అయినా సరుగుడు చెట్ల హోరులో ఒక్క మాట వినబడలేదు.

ఆయన చెయ్యి గుండెల దాకా వచ్చింది. తరవాత తల మీదికి వెళ్ళింది. అక్కడితో ఆగక, పూర్తిగా చాచి, మునివేళ్ళ మీద లేచి చూపించారు, ఆ రెండు వేళ్ళు లేని కాలి మీద కూడా. అలాగే నిలబడిపోయారు. రత్తమ్మ గారు తలెత్తి ఆ చేతిని చూసింది. తన చెయ్యి కూడా ఎత్తి అందుకోబోయింది. అందలేదు, మణికట్టు దాకానే అందింది. దాన్నే పట్టుకుంది.

మంచు ఎలా ఉంటుందని తెనాలిలో ఇప్పటికీ నన్ను అడుగుతున్నారు. తెల్లగా ఉంటుందట. ఎంత లోతుంటుందో మాత్రం నేను చూశాను. మనిషి నిలబడి, చెయ్యి పైకెత్తినా చాలనంత.